నా హోమ్ డైరెక్టరీ, కొన్ని పాత చప్పుళ్ళు

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ రాసిన బ్రామ్ మూలెనార్ పోయాడని 2023 ఆగస్టులో వార్త వచ్చినప్పుడు నేను విమ్‌లోనే ఉన్నాను. ఇందులో విశేషం ఏమీ లేదు, పగలు ఏ గంటలో ఎవరు ఏ వార్త చెప్పినా నేను విమ్‌లోనే ఉంటాను. కానీ ఆ రోజు తెరిచి ఉన్న ఫైళ్ళన్నీ మూసేసి, ఏ ఫైల్ పేరూ ఇవ్వకుండా ఊరికే విమ్ అని కొట్టాను, ఆ మొదటి స్క్రీన్ ఒకసారి చూద్దామని. ఎడమ పక్కన నిలువునా టిల్డాలు (~), మధ్యలో వెర్షన్ నంబరు, దాని కింద ఆయన పేరు, ఇంకొంచెం కింద యుగాండాలో పేద పిల్లలకి సాయం చెయ్యండి అని ఒక లైను. ఆ లైను మొదటిసారి చూసి ఇదేదో వైరస్ అని కంగారుపడ్డవాళ్ళు నాకు తెలుసు. ఆయన నిజంగానే యుగాండా వెళ్ళి, కిబాలే అనే చోట పిల్లల కేంద్రంలో మంచినీళ్ళ పనులవీ చేసి వచ్చిన మనిషి. ఎడిటర్‌కి రేటు పెట్టలేదు, ఏమైనా ఇవ్వాలనిపిస్తే ఆ పిల్లలకి ఇచ్చుకోండి అన్నాడు, అంతే. 1991లో అమీగా కంప్యూటర్ల కోసం బయటికి వదిలినదాన్ని ముప్పై ఏళ్ళ పైచిలుకు చూసుకుంటూ వచ్చాడు. ఆయన పోయాక 2024 జనవరిలో విమ్ 9.1 వచ్చింది, దాన్ని ఆయనకే అంకితం ఇచ్చారు.

ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు, ఒక్క మెయిల్ కూడా రాసిన పాపాన పోలేదు. అయినా ఆ పూట ఇంకే పనీ సాగలేదు. విమ్ సెట్టింగులుండే నా విమ్‌ఆర్‌సీ ఫైలు తెరిచి పైనుంచి కిందకి చదువుతూ కూర్చున్నాను. చాలా ఏళ్ళుగా మెషీన్ మారినప్పుడల్లా కాపీ చేసుకుంటూ వస్తున్న ఫైలు అది, ఎప్పుడూ కింద చేర్చడమే గానీ పైన ఏముందో చూసింది లేదు. చదువుతుంటే ఒక్కో లైనూ ఒక్కో మెషీన్‌ది, ఒక్కో గదిది, ఒక్కో ఉద్యోగానిది అని తెలుస్తోంది. డైరీ రాసే అలవాటు నాకు లేదు గానీ ఉన్నా ఇంతకన్నా బాగా రాసేవాణ్ణి కాదేమో. అప్పటి నుంచి ఇవన్నీ ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలనుకుంటున్నాను, ఇన్నాళ్ళకి కుదిరింది. ఒక వరస ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

టోపీ, ప్రశ్నార్థకం

ఫైల్లో అన్నిటికన్నా పాత లైను బ్యాక్‌స్పేస్‌ది. ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరుగుతుందని అప్పట్లో గ్యారంటీ లేదు. మన టెర్మినల్ ఒక కోడ్ పంపేది, అవతలి మెషీన్ ఇంకో కోడ్ కోసం ఎదురుచూసేది, రెండింటికీ పొత్తు కుదరకపోతే కొట్టిన తప్పు చెరగకపోగా దాని పక్కన ఒక టోపీ గుర్తూ ఒక ప్రశ్నార్థకమూ వచ్చి కూర్చునేవి. విసుగొచ్చి మళ్ళీ నొక్కితే ఇంకో జత. ఎస్‌టీటీవై ఇరేజ్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ బ్యాక్‌స్పేస్‌నే ఒకసారి నొక్కి ఎంటర్ కొడితే దారికొచ్చేది. ఆ కమాండ్ కొట్టేటప్పుడు మాత్రం తప్పు పడకూడదు, ఎందుకంటే దిద్దుకోవడానికి బ్యాక్‌స్పేస్ లేదు కదా!

బాణం కీల సంగతీ అంతే. విమ్‌కి ముందు తరం ఎడిటర్ అయిన పాత వీఐలో టైప్ చేస్తూ చేస్తూ పై బాణం నొక్కితే కర్సర్ పైకి పోయే బదులు కొత్త లైను తెరుచుకుని అందులో పెద్ద ఏ అక్షరం పడేది. కింది బాణానికి బీ, కుడికి సీ, ఎడమకి డీ. బాణం కీ అంటే లోపల ఎస్కేప్, ఓ, ఏ అని మూడు కోడ్‌లు వరసగా రావడమేనని, ఎడిటర్ వాటిని విడివిడిగా మూడు కమాండ్‌లు అనుకుని ఎస్కేప్‌కి బయటికొచ్చి, ఓకి కొత్త లైను తెరిచి, మిగిలిన అక్షరం అక్కడ రాసేస్తోందని అర్థమైన రోజు నాకు ఏదో దొంగని పట్టుకున్నంత సంబరం. అయినా ఆ తర్వాత బాణాల జోలికి పోలేదు, హెచ్, జె, కె, ఎల్ అలవాటు చేసుకున్నా. ఆ నాలుగు అక్షరాలే ఎందుకూ అంటే, బిల్ జాయ్ 1976 ప్రాంతంలో వీఐ రాసేటప్పుడు ఆయన ముందున్న ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌కి వేరే బాణం కీలు లేవు, ఆ నాలుగు అక్షరాల కీల మీదే బాణాలు అచ్చేసి ఉండేవి. టిల్డా ఉన్న కీ మీదే హోమ్ అని కూడా రాసి ఉండేది, ఇవాళ మన సొంత ఫైళ్ళుండే హోమ్ డైరెక్టరీకి టిల్డా గుర్తు అందుకే. ఎవరి బల్ల మీదో ఉన్న ఒక కీబోర్డు చూడండి, ఇన్నేళ్ళ తర్వాత ప్రపంచమంతా దాని చెప్పుచేతల్లో ఉంది.

మొదటి డబ్బా

నా మొదటి మెషీన్ అన్నయ్య వాడి వదిలేసింది. తెలుపు అనబడే పసుపు రంగు డబ్బా, పక్క మూత స్క్రూలు ఎప్పుడో పోయాయి కాబట్టి అది ఊరికే ఆనించి ఉండేది, ఫ్యాను స్పీడు పెరిగితే ఆ మూత సన్నగా అదిరేది. స్విచ్ వెయ్యగానే ముందు ఫ్యాను, తర్వాత హార్డ్ డిస్క్ తిరగడం అందుకుంటున్న సన్నటి ఈల, మెమరీ లెక్కపెడుతూ స్క్రీన్ మీద అంకెలు పరిగెత్తడం, ఫ్లాపీ డ్రైవ్ ఒకసారి గర్రుమని మూలగడం, ఒక బీప్. ఈ వరసలో ఏది తేడా వచ్చినా స్క్రీన్ వైపు చూడకుండానే తెలిసిపోయేది. పక్క గదిలో ఉండి కూడా చెప్పేవాణ్ణి, ఇవాళ ఫ్లాపీ లోపల మర్చిపోయారని.

అందులో వేసింది రెడ్ హ్యాట్ అనే లినక్స్. సీడీలు ఎవరో రాసిచ్చినవి, మార్కర్‌తో ఒకటి, రెండు అని నంబర్లు. ఇన్‌స్టాల్ అవుతుంటే కింద ఎన్ని ప్యాకేజీలు అయ్యాయి, ఇంకెన్ని ఉన్నాయి అని లెక్క వచ్చేది, ఒక్కో ప్యాకేజీ పేరూ దాని గురించి ఒక వాక్యమూ కనపడి మాయమయ్యేవి. నేను వాటిని కదలకుండా చదివేవాణ్ణి. లినక్స్‌లో ఏమేమున్నాయో నాకు ముందుగా తెలిసింది అలాగే. సీడీ గీతలు పడి ఉంటే డ్రైవ్ ఒక్కసారిగా గొంతు పెంచి, మళ్ళీ తగ్గించి, మళ్ళీ పెంచి అదే ముక్క చదవడానికి తంటాలు పడేది. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడమే. బయటికి తీసి మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి మళ్ళీ పెట్టడం (గుండ్రంగా తుడవకూడదు, అది అందరికీ తెలిసిన శాస్త్రం!).

ఇక లిలో. ఇప్పుడు లిలో అంటే ఎవరికీ తెలీదు, గ్రబ్ వచ్చి దాని ఊసే లేకుండా చేసింది. కంప్యూటర్ ఆన్ అవగానే లినక్స్ గుండెకాయ అనదగ్గ కర్నెల్‌ని వెతికి లేపే చిన్న ప్రోగ్రాం అది, తన పేరులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ ఒక్కొక్కటిగా స్క్రీన్ మీద రాస్తూ పని చేసేది. ఒక మెట్టు దాటితే ఒక అక్షరం. నాలుగూ పడితే బతికిపోయినట్టే. మొదటి రెండు అక్షరాలు పడి ఆగిపోయిందంటే రెండో భాగాన్ని డిస్క్ నుంచి తెచ్చుకుంది గానీ నడపలేకపోయింది అని అర్థం, సాధారణంగా డిస్క్ కొలతల విషయంలో మెషీన్‌ని మొదట లేపే బయాస్‌కీ దానికీ లెక్క కుదరనప్పుడు అలా అయ్యేది. ఎర్రర్ మెసేజ్ రాయడానికి చోటు లేదు, ఎందుకంటే మొదటి సెక్టార్ మొత్తం 512 బైట్లే, అందుకని ఎంతవరకూ వచ్చిందో అదే ఎర్రర్ మెసేజ్. అంత పొదుపుగా, అంత నిజాయితీగా కష్టం చెప్పుకున్న ప్రోగ్రాం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. ఈ రోజుల్లో ఏదైనా చెడితే స్క్రీన్ మీద విచారంగా ఉన్న మొహం బొమ్మ వేసి, ఏదో పొరపాటు జరిగింది అంటారు. ఏం జరిగిందో చెప్పవయ్యా బాబూ.

లిలో దాటాక కర్నెల్ మాట్లాడటం మొదలుపెట్టేది. ప్రాసెసర్ ఫలానా, ఇన్ని బోగోమిప్స్, హెచ్‌ఎల్‌టీ ఇన్‌స్ట్రక్షన్ చెక్ చేస్తున్నా, ఓకే. డిస్క్ దొరికింది, సీడీ దొరికింది, మౌస్ దొరికింది. అన్నీ అర్థమయ్యేవని కాదు, ఎక్కడ కాస్త ఆగుతుందో అలవాటైపోయేది, ఆగాల్సినదానికన్నా ఎక్కువసేపు ఆగితే గుండె ఝల్లుమనేది. కరెంటు పోయి వచ్చిన రోజు ఇంకో తంతు. అప్పటి ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్‌కి జర్నల్ (చేస్తున్న మార్పుల చిట్టా) లేదు, డిస్క్ మొత్తం మొదటి నుంచీ చూసుకుంటేగానీ పైకి లేచేది కాదు. ఆ గీత కుడివైపుకి జరుగుతుంటే మనం స్నానం చేసి రావచ్చు. జర్నల్ ఉన్న ఎక్స్‌ట్3 2001 చివర్లో మామూలు కర్నెల్‌లోకి వచ్చాక ఆ బాధ తీరింది.

గళ్ళ తెర

ఇంత చేసినా అప్పటికి వచ్చేది నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలే. కిటికీలూ మౌసూ కావాలంటే స్టార్ట్ఎక్స్ కొట్టాలి, అది నడవాలంటే ఎక్స్‌ఎఫ్86కాన్ఫిగ్ ఫైలు సరిగ్గా ఉండాలి. అందులో మానిటర్ అడ్డం ఎన్ని కిలోహెర్ట్జ్, నిలువు ఎన్ని హెర్ట్జ్ వరకూ తట్టుకుంటుందో రాయాలి. ఆ అంకెలు మానిటర్‌తో వచ్చిన పుస్తకంలో చివరి పేజీలో చిన్న అచ్చులో ఉండేవి, పుస్తకం పోయిందంటే అంతే సంగతులు. అంకెలు పెంచి రాస్తే మానిటర్ పాడవ్వొచ్చు అని ఫైల్లోనూ డాక్యుమెంట్లలోనూ హెచ్చరికలు. నిజంగా కాలిపోయిన మానిటర్‌ని నేను చూడలేదు గానీ ఆ హెచ్చరిక చదివాక ఎవరికి చెయ్యి వస్తుంది.

ఎంటర్ కొట్టగానే స్క్రీన్ నల్లబడేది. మానిటర్ లోపల రిలే టిక్కుమనేది. ఒక సెకను నిశ్శబ్దం. మళ్ళీ టిక్. అప్పుడు స్క్రీన్ నిండా నలుపూ తెలుపూ చుక్కలతో సన్నటి నేతగుడ్డ లాంటి బూడిద రంగు, దాని మధ్యలో ఇంటూ ఆకారంలో కర్సర్. అంతే, ఇంకేమీ ఉండదు. కానీ ఆ బూడిద రంగు చూసి పొందిన ఆనందం తర్వాత ఏ కొత్త డెస్క్‌టాప్‌కీ కలగలేదు. చుక్కలు కాకుండా వంకరటింకర చారలొచ్చి మానిటర్ కీచుమందా, వెంటనే కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ మూడూ కలిపి నొక్కి బయటపడాలి. ఎడమ చెయ్యి ముందే సిద్ధంగా ఉండేది.

2004లో ఈ కిటికీల ప్రోగ్రాం తయారుచేసే ఎక్స్‌ఫ్రీ86 వాళ్ళు లైసెన్స్ మార్చారు, చాలామందికి అది నచ్చలేదు, అందరూ అదే పని చేసే ఎక్స్.ఆర్గ్‌కి తరలిపోయారు. ఆ తర్వాత ఏళ్ళు గడుస్తున్నకొద్దీ ఆ కాన్ఫిగ్ ఫైలు చిక్కిపోతూ వచ్చి చివరికి అసలు లేకుండానే పనిచెయ్యడం మొదలైంది. నా దగ్గర ఒక డైరెక్టరీలో ఆ పాత ఫైలు ఇప్పటికీ ఉంది, ఆ మానిటర్ మోడ్‌లైన్ అంకెలతో సహా. ఆ మానిటర్ ఎవరు పట్టుకెళ్ళారో, ఎక్కడ పగిలిందో.

మోడెమ్

ఫోన్ లైను మీద నెట్‌కి కలిపే మోడెమ్ పాట గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కాబట్టి నేను రాయను. లినక్స్ వాళ్ళ బాధ వేరు, అది చెప్తా. డబ్బాలో వచ్చిన లోపలి మోడెమ్‌లు చాలావరకు సగం మోడెమ్‌లే. అసలు పని చెయ్యాల్సిన చిప్ పీకేసి, ఆ పనంతా విండోస్ డ్రైవర్ నెత్తిన పెట్టి చవగ్గా అమ్మేవాళ్ళు. విన్‌మోడెమ్ అనేవాళ్ళం. లినక్స్‌కి ఆ డ్రైవర్ ఉండదు, కాబట్టి మనకది ఒక పచ్చ అట్టముక్క. నిఖార్సైన మోడెమ్ అంటే బయట పెట్టేది, వెనక సీరియల్ కేబుల్, ముందు ఎర్ర లైట్లు వరసగా. ఒక స్నేహితుడు వాళ్ళాఫీసులో మూలపడేసినది తెచ్చిచ్చాడు. డబ్ల్యూవీడయల్ అని కొడితే అది నంబరు తిప్పి, పాట పాడి, నెట్‌వర్క్ అడ్రెస్ ఫలానా అని లైన్లు చూపించాక గానీ ఊపిరి వదిలేవాణ్ణి కాదు.

ఆ కనెక్షన్ మీద పెద్ద ఫైల్ దించుకోవడం అంటే నమ్మకం మీద నడిచే వ్యవహారం. ఫైళ్ళు దించే డబ్ల్యూగెట్‌కి మైనస్ సీ అనే ఆప్షన్ ఉంది, మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటి నుంచి కాకుండా తెగినచోటు నుంచి అందుకుంటుంది. ఆ ఒక్క ఆప్షన్ లేకపోతే నా కంప్యూటర్ చదువు అక్కడే ఆగిపోయేది. రాత్రి ఫోన్ ఎవరికీ అక్కర్లేని వేళ పెట్టి, తెల్లారి లేచి ఎంత వచ్చిందో చూసుకోవడం. అంతా దిగాక ఆ ఆర్‌పీఎమ్ (రెడ్ హ్యాట్ ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేస్తే ఫలానా లైబ్రరీ లేదు అనేది. అది దించితే దానికి ఇంకోటి కావాలి. ఆ ఇంకోదానికి మన దగ్గరున్నదానికన్నా కొత్త గ్లిబ్‌సీ, అంటే దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే లైబ్రరీ, కావాలి, అది మారిస్తే సిస్టమ్ మొత్తం కదులుతుంది. ఇక్కడికొచ్చాక చాలామంది చేతులెత్తేసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒకతను డెబియన్ అనే ఇంకో లినక్స్ ఉన్న తన మెషీన్ మీద ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ అని కొట్టి చూపించాడు. వీటికి ఇవి ఇవి కావాలి, ఇన్ని మెగాబైట్లు దించాలి, సరేనా అని అదే అడిగింది. వై కొట్టాడు. అన్నీ అదే తెచ్చుకుంది, వరసగా పెట్టుకుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయా. ఆ వారమే డెబియన్‌కి మారిపోయాను, మళ్ళీ వెనక్కి చూడలేదు. డెబియన్ వెర్షన్లలో పొటాటో అయిపోయి వుడీ వస్తున్న కాలం, అంటే 2002 అటూ ఇటూ. ఆ పేర్లన్నీ టాయ్ స్టోరీలో బొమ్మల పేర్లు, ఎప్పుడూ తయారవుతూనే ఉండే అన్‌స్టేబుల్‌కి మాత్రం ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు సిడ్ పేరు పెట్టారు. 1993లో డెబియన్ మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ 2015 చివర్లో పోయాడు, చిన్న వయసే. అప్పుడు కూడా ఇలాగే ఒక పూట పని జరగలేదు.

గురువుగారు

మొదటి ఉద్యోగంలో మా గదిలో మూలన ఒక పాత మెషీన్ ఉండేది, మానిటర్ లేదు, కీబోర్డు లేదు, నెట్‌వర్క్ వైరు ఒక్కటే. ఆఫీసు మొత్తానికి ఫైళ్ళూ ప్రింటర్లూ అదే చూసేది, విండోస్ మెషీన్లకి ఫైళ్ళు పంచే సాంబా అనే ప్రోగ్రాంతో. విండోస్ మెషీన్ల మీద ఉన్నవాళ్ళకి అవతల ఉన్నది విండోస్ సర్వర్ కాదని కూడా తెలీదు. దాని బాగోగులు చూసే సీనియర్‌ని అందరం గురువుగారు అనేవాళ్ళం. మనిషి మంచాయనే గానీ ఏదడిగినా ఒకటే జవాబు.

"మ్యాన్ పేజీ చూశావా?"

"చూశానండీ."

"చివరిదాకా చూశావా?"

అక్కడ దొరికిపోయేవాళ్ళం. చివరిదాకా ఎవరు చూస్తారు. కానీ మ్యాన్ పేజీల్లో (అంటే కమాండ్‌ల వాడుక చెప్పే పేజీల్లో) ఉదాహరణలుంటే చివర్లోనే ఉంటాయి, ఆ కింద బగ్స్ అని ఒక భాగం, ఇది ఫలానా చోట సరిగ్గా పనిచెయ్యదు అని రాసినవాళ్ళే ఒప్పుకునేది. ఆయన ముందు అది చదివి తర్వాత పైకి వెళ్ళేవారు. నేనూ ఇప్పటికీ పెద్ద జీ కొట్టి కిందకి దూకి అక్కణ్ణుంచే మొదలుపెడతా.

ఒక రోజు పొద్దున్నే ఆయన మొహంలో ఎప్పుడూ చూడని కంగారు. అప్‌టైమ్ కొట్టి చూస్తే సర్వర్ కొన్ని గంటల క్రితమే లేచినట్టు చూపిస్తోంది. రాత్రి ఎవరు ఆపారు? వాచ్‌మన్‌ని అడిగారు, ఊడ్చే ఆవిడని అడిగారు, కరెంటు పోలేదు. లాగ్‌లు చూస్తే రీబూట్ అయిన జాడే లేదు, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ నడుస్తూనే ఉన్నాయి. చివరికి తేలింది ఏంటంటే, అప్పటి కర్నెల్ సెకనుకి 100 చొప్పున టిక్కులు లెక్కపెడుతుంది, ఆ లెక్క 32 బిట్ల డబ్బాలో పడుతుంది, 497 రోజులు దాటగానే డబ్బా నిండి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే మెషీన్ ఆగలేదు, లెక్కే తిరిగింది. ఆయన కాలిక్యులేటర్ మీద గుణించి చూసుకుని, అప్పుడు నవ్వారు. తర్వాత ఆ విషయం క్లయింట్లకి, చుట్టాలకి, దొరికినవాడికల్లా చెప్పుకున్నారు, మా సర్వర్ లెక్క తిరిగిందండీ అని. ఇప్పుడైతే ఒక మెషీన్ అన్నాళ్ళు రీబూట్ లేకుండా ఉందంటే సెక్యూరిటీ అప్‌డేట్లు వెయ్యట్లేదా అని చీవాట్లు పడతాయి, అదీ న్యాయమే.

మట్ అనే మెయిల్ ప్రోగ్రాం ఆయన దగ్గర పట్టిందే. మెయిల్ ప్రోగ్రాములన్నీ దరిద్రమే, ఇది కాస్త తక్కువ దరిద్రం అని దాన్ని రాసినవాళ్ళే దాని గురించి చెప్పుకున్నారు. ఫెచ్‌మెయిల్ తెస్తుంది, ప్రోక్‌మెయిల్ వేరుచేస్తుంది, మట్ చూపిస్తుంది, రాయడానికి విమ్ తెరుచుకుంటుంది. నా విమ్‌ఆర్‌సీలో మెయిల్ అయితే లైను 72 అక్షరాలకి విరవమని ఒక ముక్క ఉంది, అది ఆయన బల్ల దగ్గర నిలబడి రాసుకున్నది. ఇప్పుడు మెయిళ్ళు ఆ వెడల్పులో చదివేవాళ్ళు ఎవరూ లేరు, అయినా తియ్యలేదు.

ఎమ్, ఎమ్

సౌండ్ గురించి చెప్పకుండా ఆ కాలం పూర్తి కాదు. మొదట్లో ఓఎస్‌ఎస్ అనే సౌండ్ వ్యవస్థ ఉన్నప్పుడు, చాలా సౌండ్ కార్డుల మీద ఒకసారికి ఒక ప్రోగ్రామే శబ్దం చెయ్యగలిగేది. ఎక్స్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే ప్లేయర్‌లో పాట నడుస్తుంటే వీడియో మూగది. 2003 చివర్లో 2.6 కర్నెల్‌తోపాటు దాని స్థానంలో అల్సా వచ్చింది, డ్రైవర్ లోడ్ అయింది, కార్డు పేరు కూడా చక్కగా చూపించింది, చప్పుడు మాత్రం సున్నా. స్పీకర్ వైర్లు పీకి పెట్టడం, కార్డు స్లాట్ మార్చడం అన్నీ అయ్యాక ఎవరో చెప్పారు, అల్సామిక్సర్ తెరిచి చూడు అని. నల్ల స్క్రీన్ మీద నిలువు గొట్టాలు వరసగా, ప్రతి గొట్టం కింద చిన్న గడిలో రెండు ఎమ్‌లు. మ్యూట్, మ్యూట్. కొత్తగా పెట్టినప్పుడు అన్ని ఛానెళ్ళూ నోరు మూసుకుని ఉండటమే దాని పద్ధతి. బాణంతో ఒక్కో గొట్టం దగ్గరికీ పోయి ఎమ్ నొక్కితే ఆ రెండు అక్షరాలు పోయి రెండు సున్నాలు పడేవి, పీసీఎమ్ అనే గొట్టం దగ్గర నొక్కగానే మధ్యలో ఉన్న పాట ఢామ్మని గదంతా అదిరేలా అందుకునేది. ఆ తర్వాత ఎంతమందికి ఫోన్లో ఈ ఎమ్ వైద్యం చేశానో!

పోస్టులో సీడీలు

2004 అక్టోబర్లో ఉబుంటు అనే లినక్స్ మొదటి వెర్షన్ వచ్చింది. అడ్రెస్ ఇస్తే చాలు, అట్ట కవర్లలో సీడీలు పోస్టులో ఫ్రీగా పంపేవాళ్ళు, పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. కవర్ మీద నవ్వుతూ మనుషుల బొమ్మ. ఒక సాఫ్ట్‌వేర్ మనల్ని వెతుక్కుంటూ తలుపు దాకా రావడం అదే మొదటిసారి. నేను డెబియన్ వదల్లేదు గానీ పంచడానికి తెప్పించుకునేవాణ్ణి. ఆ గోధుమ రంగు స్క్రీన్, లాగిన్ అవగానే డప్పు లాంటి చిన్న సంగీతం, అది ఎవరింట్లో వినపడినా మనవాడే అన్న ఫీలింగ్. కంపిజ్ అనే ప్రోగ్రాం వచ్చాక డెస్క్‌టాప్‌ని పెట్టెలాగా గిరగిరా తిప్పి చూపిస్తే, అప్పటిదాకా లినక్స్ అంటే మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా ఇది ఎలా పెట్టాలి అని అడిగారు. పనికొచ్చేది ఏమీ లేదు అందులో. కానీ పనికొచ్చే ఏ విషయమూ అంతమందిని లాక్కురాలేదన్నది కూడా నిజం. 2011లో ఆ సీడీలు పంపడం ఆపేశారు, అప్పటికి నెట్ వేగం పెరిగింది కాబట్టి పెద్దగా ఎవరూ బాధపడలేదు.

తెలుగు అక్షరాలు

యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లో మొదటి వెర్షన్‌తోనే దొరికింది గానీ, చోటు ఉండటం వేరు, స్క్రీన్ మీద సరిగ్గా కనపడటం వేరు. చాలాకాలం డబ్బాలు కనపడేవి. తర్వాత అక్షరాలొచ్చాయి గానీ వత్తులు కిందకి దిగేవి కావు, పొల్లు అక్షరం పక్కన ఇంకో అక్షరం నిలబడి ఉండేది, చదివేవాడే మనసులో కలుపుకోవాలి. లోహిత్ ఫాంట్, అక్షరాలు పేర్చే పాంగో రెండూ దారికొచ్చాక ఒక రోజు బ్రౌజర్‌లో స్త్రీ అనే మాట ముక్కలు కాకుండా ఒకే అక్షరంగా కనపడింది. పిలిచి చూపించడానికి ఆ టైములో పక్కన ఎవరూ లేరు. ఫాంట్ సైజు పెంచుతూ పోయి, స్క్రీన్ అంత పెద్దది చేసి, ఆ గుడీ ఆ వత్తులూ చూసుకున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇప్పటికీ అవస్థే, అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి, మన అక్షరాలు ఆ గళ్ళల్లో ఇమడవు, వత్తులు పక్కవాటి మీద పడుతుంటాయి. ఈ పోస్టు కూడా విమ్‌లోనే మొదలుపెట్టి, రెండో పేరాకే ఓపిక నశించి వేరే ఎడిటర్‌కి మారాను.

ఇప్పుడు

ఆ మధ్య లాప్‌టాప్ మార్చాల్సి వచ్చింది. డెబియన్ ఎక్కించడానికి పట్టిన టైము గురించి చెప్పడానికి ఏమీ లేదు, వైఫై, సౌండ్, స్క్రీన్ అన్నీ అడక్కుండానే పనిచేశాయి. ఆ పాత తిప్పలు గొప్పవని నేను అనను, ఎవరికీ అవి మళ్ళీ రావాలని కోరుకోను కూడా. ఒకే ఒక్క విషయం నాకు నచ్చదు, బూట్ అయ్యేటప్పుడు ఆ మాటలన్నీ దాచేసి ఒక లోగో తిప్పుతూ కూర్చోవడం. అందుకని గ్రబ్ సెట్టింగుల్లో క్వయట్, స్ప్లాష్ అనే రెండు మాటలు తీసేస్తా, ఏ మెషీన్ అయినా నేను చేసే మొదటి పని అదే. ఇప్పటి వేగానికి ఆ లైన్లు చదవడానికి అందవు, సర్రుమని పోతాయి. పోనీ. చెప్తోంది కదా.

తర్వాత పాత మెషీన్ నుంచి హోమ్ డైరెక్టరీ మొత్తం ఫైళ్ళు కాపీచేసే ఆర్‌సింక్‌తో తెచ్చుకున్నా (సాంబా మొదలుపెట్టిన ఆండ్రూ ట్రిడ్జెల్‌కి ఇందులోనూ చెయ్యి ఉంది, ఆయనకి ఎంత రుణపడి ఉన్నామో). ఫైళ్ళ పేర్లు వరసగా పోతుంటే మధ్యలో ఎక్స్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్కిన్ల డైరెక్టరీ కనపడింది. ఎక్స్‌ఎమ్‌ఎమ్‌ఎస్ పాత జీటీకే (బటన్లూ కిటికీలూ గీసే లైబ్రరీ) మీద కట్టింది కావడంతో డెబియన్ దాన్ని ఎప్పుడో తీసేసింది, స్కిన్లు మాత్రం చుక్కతో మొదలయ్యే డైరెక్టరీలో ఎవరికీ కనపడకుండా మెషీన్ తర్వాత మెషీన్ దాటుకుంటూ వచ్చేశాయి. దాని వంశంలో పుట్టిన ఆడేషియస్ ఆ పాత స్కిన్లు ఇప్పటికీ తీసుకుంటుందని విన్నాను, ఒకటి పెట్టి చూద్దామని ఇన్‌స్టాల్ చేశా. తీసుకుంది. ఆకుపచ్చ అంకెలు, కింద ఎగిరే గీతలు, అన్నీ అచ్చం అలాగే. కాకపోతే అవి చిన్న రిజల్యూషన్ రోజుల్లో గీసిన బొమ్మలు కదా, ఈ కొత్త స్క్రీన్ మీద ప్లేయర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, ప్లే బటన్ మీద మౌస్ నిలపడమే కష్టం. సెట్టింగుల్లో వెతికితే స్కేల్ పెంచే ఆప్షన్ దొరికింది, మూడింతలు పెట్టా. అంచులు మెట్లు మెట్లుగా కనపడుతున్నాయి గానీ పాట పేరు మాత్రం కళ్ళద్దాలు లేకుండా చదవగలుగుతున్నా.